గొట్టం పట్టుకున్న చెయ్యి

ఇనుప పీపాలాంటి గదిలో పడుకోబెట్టారు నన్ను.
లేచి కూర్చుంటే తలకి తగులుతుంది,
కాళ్లు చాపితే గోడ.
గుండ్రటి అద్దంలోంచి నర్సు
చేపల తొట్టిలోకి చూసినట్టు చూస్తుంది.
ఇన్నాళ్లూ పట్టినవాటికి నేనెలా కనబడ్డానో
ఇప్పుడు తెలిసింది.

ముప్పై ఐదు మీటర్ల అడుగున
ఆల్చిప్పలు ఇంకో బుట్టెడు కనబడ్డాయి.
ఆశపడ్డాను, ఆలస్యం చేశాను,
పైకి తొందరపడి వచ్చాను. అంతే.
నెత్తురులో బుడగలన్నారు.
నడుం కింద ఎవరివో రెండు కాళ్లు
నా దుప్పట్లో పడుకుని ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి మా చిలోయే దీవుల్లో
రేడియో కబుర్లు చదువుతుంది.
ఫలానావారి ఆవు ఈనింది.
ఫలానా అత్తగారు గురువారం పడవకి వస్తున్నారు,
రేవుకి గుర్రం తీసుకురండి.
నర్సు రేడియోని మైకు దగ్గర పెట్టింది.
గరగరల మధ్యలోంచి నా పేరు.

"రోసమేల్ నవెల్కిన్‌కి ఊరివాళ్లు చెప్పేది:
నిన్న రాత్రి నుంచీ అందరం చర్చిలోనే ఉన్నాం.
వంతులవారీగా జపమాల తిప్పుతున్నాం.
గొర్రెలకి మేత వేశాం.
వాన పడుతోంది."

వాన పడుతోందని ఎందుకు చెప్పారో!
మా దగ్గర వాన పడనిదెప్పుడు?
కానీ ఆ మాట దగ్గరే
నా గొంతు పూడుకుపోయింది.

అమ్మ పోయిన ఏడాది నుంచీ
నేను ఆ గడప తొక్కలేదు.
మేకు కొట్టకుండా చెక్కతో కట్టిన చర్చి,
గాలి వీస్తే పాత పడవలా మూలుగుతుంది.
ఆ మూలుగు కింద ఇప్పుడు
తడిసిన ఉన్ని కోట్ల వాసన ఉంటుంది,
ఎదెల్మీరా దగ్గు ఉంటుంది,
నిద్రపోయిన పిల్లలుంటారు బల్లల మీద.
కబురు చివర పేర్లు చదివారు.
ఒతీలియా బర్రీయా పేరు కూడా!

నా గొర్రెలు ఆవిడ బంగాళాదుంపల మడి మేసిన నాటి నుంచి
నా నీడ పడితే ఉమ్మేసే మనిషి.
ఏం అడిగి ఉంటుంది దేవుణ్ణి?
"వాడు వెధవే, నాకు తెలుసు.
అయినా ఆ కాళ్లు వాడికిచ్చెయ్యి స్వామీ,
వాడి చేత కంచె కట్టించాలి నేను."
పీపాలో ఒక్కణ్ణే నవ్వాను.
నర్సు కంగారుపడి మీటలు చూసుకుంది.

దేవుడున్నాడో లేడో
ఇవాళ కూడా నాకు తెలీదు.
నాకు తెలిసింది గొట్టం.
పదహారేళ్లు, పసుపుపచ్చ గొట్టం ఒక్కటే
నన్నూ గాలినీ కలిపింది.
పైన పడవలో దాన్ని పట్టుకుని ఎరిబెర్తో.
పొగ తాగుతున్నాడో, తూగుతున్నాడో,
పెళ్లాంతో పోట్లాడి వచ్చాడో,
అడుగున చీకట్లో ఉన్నవాడికి ఏం కనబడుతుంది?
కానీ అప్పుడప్పుడు
గొట్టం కొద్దిగా బిగుస్తుంది.
ఎవడో మర్చిపోలేదు.
అంత చాలు, మళ్లీ ఓ గుక్క పీల్చడానికి.

రాత్రి పొద్దుపోయింది. పంపు చప్పుడొకటే.
కాళ్లు కదల్లేదు.
కదులుతాయని డాక్టరూ అనలేదు.
సముద్రం అవతల, దీవిలో,
ఎవరో వంతు దిగి టీ తాగుతూ ఉంటారు,
ఎవరో వంతు ఎక్కుతూ ఉంటారు,
మోకాళ్ల నొప్పికి గొణుక్కుంటూ
నా పేరు దగ్గరికి వచ్చి ఉంటారు.
అటువైపు నుంచి
ఏదో కొద్దిగా బిగిసింది.

మాకొక లెక్కుంది నీళ్లలో:
మూడుసార్లు లాగితే, పైకి తియ్యి.
రెండుసార్లు, గాలి చాల్లేదు.
ఒక్కసారి, ఉన్నాను.

చీకట్లో చెయ్యి జాపి
దుప్పటి అంచు వెతికి పట్టుకుని
ఒక్కసారి లాగాను.