నలభై ఏడో నంబరు

చేతులు చాపమన్నారు, బస్సు ఆపుతున్నట్టు.
చాపాను.
వాటంతటవే కొట్టుకున్నాయి
ఫిషింగ్ హార్బర్‌లో తెరచాప కర్ర మీద వాలబోయి
మనసు మార్చుకున్న కొంగలా.

కాగితం నిండా చెల్లాచెదురుగా అంకెలు.
ఒకటి నుంచి ఇరవై అయిదు దాకా గీతతో కలపాలి.
ముప్ఫై రెండేళ్ళు పోర్టులో టాలీ క్లర్కుని,
ఓడలోకి దిగిన ఏ గోతామూ నా పెన్సిల్ దాటి పోలేదు.
పదమూడు తర్వాత పద్నాలుగు కనబడలేదు.
తొంభై నాలుగు సెకన్లు.

"తాగుతావేటి?"
కేజీహెచ్‌లో లిఫ్టు బాయ్ కూడా అడిగాడు.
నేదు నాయనా.
కొవ్వట. పేరుకుని, కార్జం గట్టిపడిపోయిందట.
పేగుల్లో పుట్టిన విషాన్ని వడకట్టే దిక్కులేక
నెత్తికెక్కుతోందట,
కోట వీధి డాబాల మీద బొగ్గుమసి దిగినట్టు,
చప్పుడు లేకుండా.

డాక్టర్ సుగుణమణి ఒక ప్రయోగంలో చేర్చింది.
రోజుకి రెండు పొట్లాలు, ఎనిమిది వారాలు.
కొందరి పొట్లాల్లో కోట్ల కొద్దీ బతికున్న సూక్ష్మజీవులు,
కొందరికి వట్టి పిండి.
ఎవరిది ఏదో ఆవిడకీ తెలీదు.
నా డబ్బా మీద నలభై ఏడు.
పెరుగు, మజ్జిగ, పులిసినదేదీ ముట్టకూడదు.

రాత్రి అచ్చియ్యమ్మ పాలకి తోడు పెడుతుంది.
చిటికెన వేలు ముంచి వేడి చూసి
అరచెంచాడు.
తెల్లారేసరికి గిన్నెడు పాలూ ఆ అరచెంచాడు మాట వింటాయి.
నేను చారన్నం తింటూ చూస్తుంటాను.
నాకూ ఎవరైనా లోపల తోడేస్తున్నారా,
పిండి కలిపిన నీళ్ళేనా?

అయిదో వారం, ఎండ.
ఇంట్లో ఎవరూ లేరు.
కుండలోంచి ఒక గరిటె తరవాణి,
దబ్బాకు వాసన, ఉప్పు లేదు,
అయినా ప్రాణం లేచొచ్చింది.
రాత్రంతా నిద్ర లేదు.
తప్పు టాలీ మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను.
సిస్టర్ నవ్వలేదు, తిట్టలేదు.
గడిలో రాసుకుంది:
తరవాణి, ఒక గరిటె, మధ్యాహ్నం.

చివరి రోజు మళ్ళీ అంకెలు.
అరవై ఎనిమిది సెకన్లు.
పొట్లమా, రాత్రుళ్ళు తాగే ఆ తియ్యటి సిరపా,
బీచ్ రోడ్డులో సాయంత్రం నడకా,
గరిటెడు తరవాణా?
"అందరి లెక్కా కలిపాకే తెలుస్తుంది" అంది డాక్టరమ్మ.
ఓడ నిండందే టాలీ మూయరు, నాకు తెలుసు.

ఇంటికొస్తే కంచంలో పెరుగు.
"మీగడ తీసీసినాను, తిను" అంది అచ్చియ్యమ్మ.
తినేముందు దీపం కింద చేతులు చాపి చూసుకున్నాను.
కొంగ వాలింది.
ఎడమచేతి ఉంగరపు వేలొక్కటే
ఇంకా ఆలోచిస్తోంది.