అద్దడమా, పూయడమా

హల్ ఊళ్ళో, రేవుకి రెండు వీధులివతల
మందుల షాపులో చివరి కౌంటరు నాది.
ఎడమ పక్క దగ్గు మందులు,
కుడి పక్క కాలి పగుళ్ళ క్రీములు,
నడుమ నేను, నలభై రెండు చర్మపు రంగుల సీసాలతో.
నా రంగు వాటిలో లేదు.
ముప్పై ఎనిమిదిలోవి మూడు చుక్కలు, నలభై ఒకటిలోది ఒకటి
పొద్దున్నే మణికట్టు మీద కలుపుకుంటాను.

రోజుకి పదిమందైనా అడుగుతారు:
స్పాంజా, బ్రష్షా?
జవాబు నాకు కంఠతా వచ్చు.
బ్రష్షయితే పని చప్పున తెములుతుంది.
ఓపిక లేకపోతే గీతలు మిగులుతాయి,
సున్నం గోడ మీద కుంచె నడిచిన దారిలా.
స్పాంజిని తడిపి, పిండి, అద్దాలి.
నునుపుగా కూర్చుంటుంది గానీ
సగం సీసా అదే తాగేస్తుంది,
విడిదింట్లో కాఫీ మీద కాఫీ అడిగే
పెదబావగారిలా.
ఈ చివరి ముక్క మాత్రం పైకి అనను.

అప్లై అంటారు వీళ్ళు, దేనికైనా.
ఉద్యోగానికీ అదే, బ్రేకుకీ అదే, బుగ్గకీ అదే.
నాకేమో లోపల
రాయడం, పూయడం, దిద్దడం, అలకడం, మెత్తడం
అన్నీ ఒకేసారి చెయ్యెత్తుతాయి.
గంధం పూస్తాం, కాటుక దిద్దుతాం,
మెత్తేది మట్టి,
పులిమేది ఎక్కువగా ఎదుటివాడి మీద తప్పు.
ఇష్టమైనదాన్ని మాత్రం కళ్ళకి అద్దుకుంటాం.

మా అమ్మమ్మ పెనానికి సగం ఉల్లిపాయతో నూనె రాసేది,
పిన్ని గుడ్డతో.
ఇద్దరి అట్లూ లేచేవి.
ఆ గొడవ మాత్రం ఇరవయ్యేళ్ళు నడిచింది.

గురువారం, వాన.
ఒకాయన వచ్చాడు, డెబ్బై దాటిన మనిషి,
లెన్ వార్డెల్ అని తనే చెప్పుకున్నాడు.
కోటు జేబులోంచి మూత పగిలిన పాత డబ్బా తీసి
సరిగ్గా ఈ రంగే, అన్నాడు, ఐలీన్ రంగు.
ఆమె చెయ్యి వణుకుతోందట.
బ్రష్షు బయల్దేరుతుంది బాగానే,
ముక్కు దాకా వచ్చి దారి తప్పుతుంది.

జిడ్డు చర్మమా, పొడి చర్మమా అని అడగబోయి ఆగాను.
ఇన్నేళ్ళూ మొహాల గురించే చదివాను.
చేతుల గురించి ఎవరూ అడగలేదు.

గుడ్డంత స్పాంజి ఆయన చేతిలో పెట్టాను.
నొక్కి చూశాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు.
ఇది పట్టుకోగలదు, అన్నాడు.
కాసేపాగి, చెవులు ఎర్రబడి,
అదీ కుదరని రోజున… మరి నేను…

ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి అద్దం ఆయన వైపు తిప్పాను.
మొదట గోడ పగుళ్ళకి లప్పం పట్టించినట్టే పట్టించాడు.
రుద్దకండి, అన్నాను.
మీరు తోయక్కర్లేదు, దానంతటదే ఇంకుతుంది.
నిద్రపోతున్న పిల్లకి జ్వరం ఉందో లేదో
చూస్తాం కదా, అలాగ.
వెనక వరసలో స్కూలు పిల్ల ఒకత్తి
కిసుక్కున నవ్వి, వెంటనే,
ముక్కు పక్కనుంచి మొదలెట్టండి, నుదుటినుంచి కాదు,
అని సలహా చెప్పింది.
చెప్పినట్టే చేశాడు.
ఆ లారీ స్టీరింగు వేళ్ళు
అద్దడం అంటే ఏమిటో తెలుసుకుంటున్నాయి.

రెండూ కొన్నాడు చివరికి.
స్పాంజి ఆమెకి. లావు పిడి బ్రష్షు
ఆమె ఒప్పుకోని రోజుకట,
ఒప్పుకోని రోజులు బోలెడట.
చిల్లర లెక్కపెట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు,
కుడి చెంప మీద తన వయసు,
ఎడమ చెంప మీద ఐలీన్ రంగు.
తుడుచుకోమని వెనక్కి పిలవలేదు నేను.

స్పాంజిని వారానికోసారి
సబ్బుతో ఉతకాలని చెప్పడం మర్చిపోయాను.
అదొక్కటే బెంగ.