వెళ్ళే తేదీ

పలమనేరు బస్సు దిగేటప్పటికి
చున్నీ కొసన ముడేసుకున్నది పదకొండు వేల నాలుగొందలు.
కొర్లగుంటలో మిద్దెమీది రేకుల గది
ఆరువేలు మింగి ఒక కిటికీ ఇచ్చింది.
దాంట్లోంచి కొండ కనపడదు,
పక్కింటోళ్ళ నీళ్ళ ట్యాంకు కనపడతుంది.

రైల్వేస్టేషను దగ్గర లాడ్జీలో కూర్చోని
తాళాలు ఇస్తా ఉంటాను.
ఒక రాత్రి ఏసీకి వాళ్ళు కట్టేది
నా పదిరోజుల తిండి.
ఏ ఊరు, ఎంతమంది, వెళ్ళే తేదీ...
రిజిస్టర్లో గళ్ళు నింపుతాను.
ఈడికి వచ్చినోళ్ళందరికీ
వెళ్ళే తేదీ ఒకటి ఉంటుంది.

వాళ్ళు ఖాళీ చేసిన గదుల్లో
సగం అరిగిన సబ్బులు మిగులుతాయి.
రూములు ఊడ్చే మునెమ్మక్క
నాకూ రెండు దాచిపెడుతుంది.
ఒకరోజు చందనం, ఒకరోజు వేప,
ఎవరెవరి వాసనతోనో పనికి పోతాను.

'కొండెక్కినావా మే?' అనింది అమ్మ ఫోన్లో.
'సెలవు దొరకలేదుమా' అన్నాను.
సెలవు పెడితే ఆ రోజు జీతం కోస్తారని
చెప్పలేదు.

నిన్న మొదటి జీతం.
గాంధీరోడ్డులో అరగంట బేరమాడి
మూత ఉండే బకెట్టు కొన్నాను, నీలంది.
షేరాటోలో ఒళ్ళో పెట్టుకోని కూర్చుంటే
ఎదురుగా నాలుగు కొత్త గుండ్లు,
గోవిందరాజస్వామి గుడికి దారి అడిగినాయి.
'ఎడమపక్క, రెండో సందు'
టక్కుమని చెప్పేసినాను.
మూడోదని దిగినాక గుర్తొచ్చింది.
పాపం, తిరుగుతా ఉంటారేమో.

బకెట్టు మాత్రం గట్టిది.
పదేళ్ళు వస్తుందన్నాడు అంగడాయన.