ఇరవై నాలుగు మిల్లీమీటర్లు

వూచ్ నగరంలో నవంబరంటే నాలుగింటికే చీకటి.
పాత నూలుమిల్లు మూడో అంతస్తులో
ఒకే బల్లకి అటు లుడ్వికా, ఇటు నేను.
ఆమె గీస్తుంది, నేను పేజీలో పేరుస్తాను.
ఆమె సాఫ్ట్‌వేర్ వేరు, నాది వేరు.
టీ కెటిల్ ఒక్కటే ఉమ్మడి ఆస్తి.

పని చిన్నదే:
జెనోబియుష్ గారి గుండీల కొట్టుకి కేటలాగు.
కోటుకి ఐదుంటే ఒకటి ట్రాములో రాలిపోతుంది కదా,
మిగిలినవాటిలో ఒకదాన్ని తెరకి ఆనించి
దాని తోబుట్టువుని వెతుక్కోవాలి మనిషి.
అందుకని బొమ్మ అచ్చం గుండీ అంతే ఉండాలి,
వెంట్రుకవాసి తేడా రాకూడదు.
అంతే కదా అనుకున్నాం.

కొమ్ముతో చేసిన నాలుగు కన్నాల గుండీ,
ఇరవై నాలుగు మిల్లీమీటర్లు.
"అరవై ఎనిమిది పిక్సెళ్ళు" అంది లుడ్వికా.
అదే ఫైలు నా దగ్గర తెరిస్తే తొంభై ఒకటి.
"నువ్వు సాగదీశావు."
"నువ్వే నలిపావు."
ఆ ఇరవై మూడు పిక్సెళ్ళ మీద
మూడు రోజులు గట్టు తగాదా.

తవ్వితే తేలింది.
ఆమెది అంగుళాన్ని డెబ్బై రెండు ముక్కలు చేస్తుంది,
సీసపు అక్షరాలు పేర్చిన చేతుల లెక్క అది.
నాది తొంభై ఆరు చేస్తుంది.
ఎందుకని అడక్కండి. నేనడిగితే అలవాటన్నారు.
రొట్టె ఒకటే, కోసే కత్తులు రెండు.
ఆమె వైపు నూట ముప్పై మూడు శాతం పెడితే సరి, దాదాపు;
చుక్క తర్వాతి మూళ్ళు మాత్రం
ట్రాము పట్టాల్లా ఎటో పోతూనే ఉంటాయి.

అట్టముక్క మీద 133 రాసి గోడకి అంటించాం.
రాజీ పడ్డట్టే. గసగసాల కేకు కూడా తిన్నాం.

శుక్రవారం జెనోబియుష్ గారొచ్చారు.
భుజాల మీద మంచు దులుపుకుని,
చేతితొడుగు పళ్ళతో లాగి,
జేబులోంచి గుండీ తీసి
లుడ్వికా తెరకి ఆనించారు.
బొమ్మ కనపడలేదు.
నా తెరకి ఆనించారు.
అక్కడా కనపడలేదు.
మేం చప్పట్లు కొట్టబోయాం.
"దాక్కున్నాయమ్మా రెండూ,
సరిపోయి కాదు, చిన్నవై."

గాజుకి దాని అంగుళం దానికుంటుందని
అప్పుడు గుర్తొచ్చింది మాకు.
గోడ మీద అట్ట వంక ఎవరం చూడలేదు.
లుడ్వికా శాతం పెంచుతూ పోయింది,
గ్రహణం విడిచినట్టు
గుండీ చుట్టూ సన్నటి గోధుమరంగు అంచు తొంగిచూసేదాకా.
చూడగానే ఒక్క మెట్టు వెనక్కి.
ఆమెది నూట యాభై ఒకటి.
నాది నూట పదమూడున్నర.
"మరి కొనేవాళ్ళ ఇళ్ళలో తెరలు?" అన్నారాయన.
కెటిల్ ఈలేసింది. మేం వేయలేకపోయాం.

ఆయన కుర్చీ లాక్కున్నారు.
"మా అమ్మ కోట్లు కుట్టేది.
ఓ చలికాలం ఆవిడ టేపు వేడినీళ్ళలో పడి ముడుచుకుంది.
ఆ ఏడు మా వీధిలో అందరి మణికట్లూ బయటే.
టేపునెవరూ అనుమానించలేదు,
పిల్లలు ఎదిగారనుకున్నారు.
పెద్దవాళ్ళు కూడా ఎదిగారనే అనుకున్నారు."

చిల్లరలోంచి ఒక జ్లోటీ నాణెం ఏరి బల్ల మీద పెట్టారు.
"ముందు దీన్ని గీయండి.
ఎవరి జేబులోది వాళ్ళు తెర మీద పెట్టుకుంటారు,
బొమ్మ సరిగ్గా చాటయ్యేదాకా జరుపుకుంటారు.
తర్వాతే నా గుండీలు."
ఇంత చదువుకున్నాం మేం.

ఆయన మెట్లు దిగాక లుడ్వికా అంది:
"కోటుకి పై నుంచి రెండోది లేదు, చూశావా?"
కెటిల్ పక్కనే ఉండిపోయింది అది,
తెగిన దారప్పోగుతో సహా.
పట్టుకుని పరిగెత్తింది.

కిటికీలోంచి చూశాను.
వీధి దీపం కింద ఆమె ఇస్తోంది, ఆయన తీసుకుంటున్నారు.
ఇద్దరూ గుండీలంత ఉన్నారు.
ఎంత శాతంలో చూస్తున్నానో
చెప్పలేను.