నిద్ర ఇంకా దిగలేదు

పెట్టె వచ్చింది, చక్రం ఒకటి విరిగి.
నేనూ వచ్చాను, చీలమండలు ఉబ్బి.
నిద్ర మాత్రం
దోహాలో విమానం మారేటప్పుడు
ఏ కుర్చీలోనో కూర్చుండిపోయింది.

జీలాంగ్‌లో రాత్రి ఒకటింబావు.
బర్మింగ్‌హామ్‌లో హైమక్క ఇప్పుడు
కొత్త మోకాలితో వంటింట్లోకి నడిచి
సాయంత్రం టీకి నీళ్లు పెడుతూ ఉంటుంది.
నా నాలుక మీద ఇంకా ఆ అల్లం.

అందరూ మందు చెప్పినవాళ్లే.
పక్క సీటాయన, ఎక్కగానే గడియారం తిప్పేయమన్నాడు,
తాను మాత్రం మూడు సినిమాలు చూశాడు.
పక్కింటి నోరీన్ గేటు దగ్గర వణుకుతూ
పొద్దున్నే మొహాన ఎండ పడాలంది.
జూన్ నెలలో ఇక్కడ ఎండ ఎక్కడిది తల్లీ,
మబ్బు కప్పుకుని అదే లేవడం లేదు.
డాక్టరు తెల్ల బిళ్లలు రాశాడు.
పాలల్లో జాజికాయ అరగదీసుకోమని అక్క.

ఒకటిన్నర.
అతని దిండు కింద ఫోను
డబ్బాలో పెట్టి మూతేసిన తేనెటీగలా గింజుకుంది.
పదకొండేళ్లుగా ఆ వేళకి లేస్తాడు త్రిమూర్తులు.
పదకొండేళ్లుగా ఆ వేళకి నేను లేను.
అతను ఇల్లు చేరేసరికి నేను కళ్లజోళ్ల దుకాణంలో,
నేను చేరేసరికి అతను ఆవలింతల్లో.
మా కాపురం సగం ఫ్రిజ్ తలుపు మీద నడుస్తుంది:
పాలు అయిపోయాయి. కరెంటు బిల్లు కట్టాను.
చారు అదిరింది.

ఊపిరి బిగబట్టి చీకట్లోనే చొక్కా తొడుక్కున్నాడు.
బూట్లు చేత్తో పట్టుకున్నాడు, దొంగలా.
తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి
నా పాదాల మీదికి దుప్పటి లాగాడు.

ఇన్నేళ్లూ అది అక్కడే ఉంటుందనుకున్నాను.
కదలని, మెదలని బుద్ధిమంతురాలి నిద్ర నాదని
నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

"మేలుకునే ఉన్నా" అన్నాను.
ఒక బూటు జారి పడింది.

నైటీ మీద కోటు వేసుకుని అతని వెంట వెళ్లాను.
కొరాయో తీరం నుంచి చెవులు కోసే గాలి.
పాకింగ్టన్ వీధి వెనక సందులో
ఒక్క కిటికీలో దీపం.
లోపల అందరూ అతన్ని ట్రీ అంటారు. చెట్టట!
పేరులో ముగ్గురు దేవుళ్లుంటే
మొదటి అక్షరం ఉంచుకుని మిగతాది వదిలేశారు.
ఇంట్లో గొంతు పెగలని ఆ చెట్టు
పిండిని బల్లకేసి బాదుతూ
లాక్లన్ అనే కుర్రాడితో ఫుట్‌బాల్ మీద పోట్లాడుతోంది.
కనుబొమ్మల నిండా పిండి.
ముసలాడైతే ఇలా ఉంటాడన్నమాట.

తిరగేసిన పాల క్రేటు మీద కూర్చుని
మొదటి వాయి రొట్టె కొస తుంచుకు తిన్నాను.
గడియారం నాలుగున్నర అంటోంది.
నా ఒంట్లో మాత్రం ఇంకా ఎండ వాలని ఏడున్నర,
ఇద్దరం షికారుకొచ్చిన సాయంత్రం.

రెండో రాత్రీ వెళ్లాను. మూడోదీ.
సెలవు ఇంకా మిగిలే ఉంది, కానీ
ఒళ్లు నమ్మకద్రోహి,
రోజుకో గంట చొప్పున ఈ ఊరికి లొంగిపోతోంది.
మందులన్నీ తలకిందులుగా వాడాను:
పగలంతా కర్టెన్లు మూసి,
రాత్రి ఏడింటికి చిక్కటి కాఫీ,
తెల్ల బిళ్లలు కందిపప్పు డబ్బా వెనక.
"ఇంకా తగ్గలేదు" అని నోరీన్ ముందు మొహం వేలాడేశాను.

ఏడో రాత్రి పది కాకముందే రెప్పలు బరువెక్కాయి.
గిల్లుకున్నాను. చన్నీళ్లతో మొహం కడుక్కున్నాను.
ఎలాగో ఒకటిన్నర దాకా లాక్కొచ్చి
తేనెటీగ మొదలవగానే కళ్లు మూసుకున్నాను.

చొక్కా.
బూట్లు.
తలుపు దాకా అడుగులు.
వెనక్కి.
దుప్పటి.

ఆ తర్వాత ఏమైందో తెలియదు,
దోహా నుంచి వచ్చేసింది కాబోలు.

తెల్లారి ఫ్రిజ్ మీద కాగితం:
పాలు అయిపోయాయి.
నిద్రపోయేవాళ్లు
కాలివేళ్లు ముడుచుకోరు.