పదమూడు వేల ఆరు వందలు

స్కాలర్‌షిప్ ఫారాలకు పాస్‌పోర్టు సైజులు,
పోయిన జూన్‌లో నూట పద్దెనిమిది మంది పిల్లలు.
ఒక్కొక్కరి గడ్డం రోంత పైకెత్తి, రోంత కిందికి దించి
"నవ్వొద్దు" అని చెప్పి కూడబెట్టిన డబ్బు ఇది.
మూడు ఓణీల ఫంక్షన్లు, ఒక పెద్దకర్మ పటం కూడా కలిపితే
జిప్పు లోపల, రబ్బరుబ్యాండు కింద
పదమూడు వేల ఆరు వందలు.

నందికొట్కూరులో బస్సెక్కినప్పుడు
నాకు కావాల్సింది జూమ్ లెన్సే.
బ్రాహ్మణకొట్కూరు దాటేదాకా అదే.
కిటికీ అవతల శనగ చేలు,
ఆ చేల వెనకెక్కడో రోళ్లపాడు గడ్డి,
గడ్డిలో మెడ నిక్కించి, ఎవరికీ బాకీ లేనట్టు నడిచే
బట్టమేక పిట్ట.
నేను చూడలేదు. నా ఈడు వాళ్లెవరూ చూడలేదు.
చూడని దాని కోసమే లెన్సు కొనాలని
ఎవరికి చెప్తే నవ్వరు?

గార్గేయపురం చెరువు కనపడేసరికి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి.
తెల్లారుజాము మూడున్నర ముహూర్తం,
జనరేటరు ఆగిన ఆ నాలుగు నిమిషాలు,
మాంగల్యం మీద నా పాత లెన్సు పూసిన మసక.
పెళ్లికూతురి మేనమామ అందరి ముందర అన్నాడు:
"దీనికంటే బుడ్డిదీపం మేలు మే."

జిలానీ బాషా బీరువా తెరిచి
గుడ్డ మీద రెండు పెట్టాడు.

పొడుగుది ఎవరో వాడి వదిలేసింది.
పదమూడు వేలు, నీకని.
అంగడి బయటికొచ్చి తిప్పాను.
ఎదురు మిద్దె మీది నీళ్ల ట్యాంకు ఎగిరి ఒళ్లో పడింది.
ట్యాంకు మీద కాకి, కాకి ముక్కున కొబ్బరి ముక్క,
మెడ కింద ఒక్కొక్క ఈకా విడివిడిగా.
నా చెయ్యి వణికింది, బరువుకు కాదు.
అప్పుడు వెలుతురుకు ఎత్తిపట్టి లోపలికి చూశాను.
సాలీడు పోగంత బూజు.
"ఫోటోలో పడదు" అన్నాడు.
"ఈరోజు పడదు" అన్నాను.

పొట్టిది ఫిఫ్టీ. కొత్తది, వారంటీ కార్డుంది,
పది వేల ఏడొందలు.
తిప్పితే పెరగదు, లాగితే రాదు.
దగ్గర కావాలంటే నువ్వే నడవాల,
వెడల్పు కావాలంటే నువ్వే వెనక్కి పోవాల,
వెనక గోడుంటే అంతే సంగతి.

"అన్నా, రోంత ట్యూబులైటు ఆపు" అన్నాను.
అంగట్లో మిగిలింది
షట్టరు కింది నుంచి పాకిన ఎండ చీలిక ఒక్కటే.
దాంట్లో ఆయన ముఖం తీసి చూపించాను.
చాలాసేపు చూశాడు.
"మా అబ్బా మాదిరి ఉండానే" అని
మూడొందలు తగ్గించాడు.

తిరుగు బస్సులో ఒళ్లో చిన్న పెట్టె.
శనగ చేలు వచ్చినప్పుడు
చెప్పుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను.

అయినా ఆదివారం రోళ్లపాడు పోయినాను.
ఎందుకంటే చెప్పలేను.
వాచరు కౌలుట్లయ్య లెన్సు చూసి ఒకటే నవ్వు:
"దీంతో పిట్టనా? నువ్వు పోయేదాకా అది
టీ తాగుతా కూర్చుంటాదా తల్లీ?"
జింకలున్నాయి. గాలి ఉంది. గడ్డి ఉంది.
పొద్దు వాలేదాకా గడ్డి గడ్డిగానే ఉంది.

ఆయన గదిలో కరెంటు లేదు,
తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు.
"ఎంతుంటాది పెద్దాయనా, అది?"
అరచెయ్యి నడుం దాకా ఎత్తాడు, చాలదని ఇంకాస్త.
"రెక్క ఇప్పితే?"
మాట రాలేదు.
రెండు చేతులూ నిదానంగా చాపాడు,
భుజాలు, మోచేతులు, మణికట్లు,
డెబ్బై ఏళ్ల వేళ్లు చివరల దాకా.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.
ఇంకొక అడుగు.
వీపుకు గోడ తగిలింది.
అటు పక్కా ఇటు పక్కా
ఆయన వేళ్లు ఫ్రేము దాటి బయటికి పోయినాయి.

అట్లాగే నొక్కినాను.