రెండో టేకు

నా పని గొంతులు పట్టడం.
పొడుగాటి కర్ర, దాని చివర బొచ్చుటోపీ పెట్టుకున్న మైకు.
కార్డిఫ్ రేవు పక్కన, బ్యూట్‌టౌన్‌లో, పదకొండో అంతస్తు.
డిలిస్ ఫారా వంటగదిలో
ఫ్రిజ్జుకీ బల్లకీ మధ్య ఇరుక్కుని నిలబడ్డాను.

ఆవిడ తండ్రి సొమాలీ, ఓడ కొలిమిలో బొగ్గేసేవాడు.
తల్లి గనుల లోయలోంచి దిగొచ్చిన వెల్ష్ పిల్ల.
వాళ్ళ వీధి ఇప్పుడు లేదు.
అక్కడ కార్లు నిలబెడతారు.
టీవీలో మాత్రం ఉంది,
యాభైతొమ్మిదిలో తీసిన నలుపు తెలుపు ముక్క,
తొమ్మిది సెకన్లు.

దర్శకురాలు ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది.
కూలుతున్న గోడ. వానగుంట.
బోసికాళ్ళతో ఒక పిల్ల పరుగు.
పైనుంచి ఎవరిదో నున్నటి గొంతు:
"నగరం సిగ్గుపడే మురికివాడ."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.
"అది నేనే.
బోసికాళ్ళేమిటి, నల్లబూట్లుండేవి నాకు,
నాన్న రాటర్‌డామ్‌లో కొన్నవి.
కెమెరా ఆయన షిల్లింగిచ్చి విప్పమన్నాడు.
నాలుగుసార్లు పరిగెత్తించాడు, గుంటలోంచే.
బూట్లు చేత్తో పట్టుకుని అమ్మ గుమ్మంలో నిలబడింది.
గుమ్మం రాయి ఆ పొద్దున్నే తోమింది.
కెమెరా అటు తిరగలేదు."

గదిలో ఎవరూ కదల్లేదు.
నా చెవుల్లో మాత్రం
మొదట సన్నగా, తర్వాత ఆవిడ మాట మీదుగా
ఒక విమానం.

చెప్పకుండా ఊరుకోవచ్చు.
చెయ్యెత్తాను. అలవాటు.

"ఎంత బాగా చెప్పారండీ! విమానం అడ్డొచ్చింది,
అదే మళ్ళీ ఒక్కసారి...
అమ్మగారి మాట దగ్గర కాస్త ఆగితే ఇంకా బాగుంటుంది."

ఆగమన్నచోట ఆగింది.
షిల్లింగు ముందుకొచ్చింది, రాటర్‌డామ్ రాలిపోయింది,
గుమ్మం రాయి ఊసే లేదు.
మాట కడిగిన గ్లాసులా ఉంది.
అయ్యాక నావైపు చూసి
"ఈసారి సరిగ్గా పరిగెత్తానా?" అంది.
అందరూ నవ్వారు.

చివర్న గది నిశ్శబ్దం పట్టాలి, ముప్పై సెకన్లు,
మాటల అతుకులు కనపడకుండా కింద పరవడానికి.
ఫ్రిజ్జు గురక.
దిగువన ఎక్కడో లిఫ్టు తలుపు.
బల్లకింద, నేలమీద రాపిడి.
చూడకుండా, కాలితోనే వెతుక్కుని
ఒకటి, తర్వాత రెండోది,
ఆవిడ చెప్పులు తొడుక్కుంటోంది.

మార్చిలో ఒక ఆదివారం రాత్రి ప్రసారమైంది.
రెండో టేకే వేశారు, కింద పియానో పెట్టి.
ఆ తొమ్మిది సెకన్ల పరుగునీ వేశారు,
మూడుసార్లు.

మొదటి టేకు నా దగ్గరే ఉంది.
విమానం సరిగ్గా రాటర్‌డామ్ మీదుగా పోతుంది.
అక్కడ ఆ మాట ఉందని తెలిసినవాడికి తప్ప
వినపడదు.